నల్ల పిల్లల చదువు బాకీ

అమెరికా నగరాల బడుల గురించి ఎవరు మాట్లాడినా ఒక మాట దగ్గరికి వచ్చి ఆగుతారు. 'అచీవ్‌మెంట్ గ్యాప్'. పరీక్షల్లో తెల్ల పిల్లలకు వచ్చే మార్కులకీ, నల్ల పిల్లలకు వచ్చే మార్కులకీ మధ్య ఉన్న తేడాకి వాళ్లు పెట్టుకున్న పేరది. వినడానికి లెక్కల మాటలా ఉంటుంది. ఇద్దరు పిల్లలు ఒకే గీత దగ్గర నిలబడి పరుగు మొదలుపెట్టారు, ఒకడు ముందుకు పోయాడు, ఒకడు వెనుకబడ్డాడు అన్నట్టు ఉంటుంది. ఆ గీత ఎవరు గీశారు, వెనుకబడ్డవాడి కాళ్లకు ఎన్ని తరాలు సంకెళ్లు వేసి ఉంచారు అన్న సంగతి ఆ మాటలో ఎక్కడా వినబడదు.

ఈ తేడాను పూడ్చేస్తామంటూ 1990లలో ఒక కొత్త రకం బడి బయలుదేరింది. దాని పేరు చార్టర్ స్కూలు. కొన్నిచోట్ల నిజంగానే పూడ్చింది. కొన్నిచోట్ల మాటే మిగిలింది. పూడ్చిన చోట కూడా ఊరికే పూడ్చలేదు. ఏమిచ్చింది, ఏం పుచ్చుకుంది అన్న లెక్క తేలాలంటే ఆ బడి పుట్టిన ఏడాది దగ్గర మొదలుపెడితే చాలదు. ఇంకా చాలా వెనక్కి పోవాలి.

ఈ లెక్కతో మాకేం పని అని అడగొచ్చు. మేము తెలుగు నేల మీది ముస్లింలం. ఎలెక్స్ హేలీ పుస్తకాన్ని సహవాసి 'ఏడుతరాలు'గా తెలుగులోకి తెచ్చాకే నల్లవాళ్ల బతుకు మాలో చాలామందికి తెలిసింది. ఆ తర్వాత 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద అక్షరాస్యత 65.1 శాతం ఉంటే, ముస్లింలలో 59.1 శాతమేనని చెప్పింది. ఆ అంకెలు మాకు అవసరమైనవే. కానీ ఆ అంకెల పక్కన అతికించిన 'వెనుకబాటు' అన్న మాట మా ఇంటిపేరై కూర్చుంది. నల్లవాళ్ల చరిత్రా మా చరిత్రా ఒకటి కాదు. బానిసత్వాన్ని తెచ్చి దేనితోనో పోల్చడం అన్యాయం. అయితే ఒక జాతి పిల్లల్ని పరీక్ష కాగితం మీద కొలిచి, కొరత ఆ పిల్లల్లోనే ఉందని తేల్చే పద్ధతి మాకు కొత్తది కాదు. అందుకే వాళ్ల బడుల చరిత్ర చదివాం. చదివింది ఇక్కడ రాస్తున్నాం.

నల్లవాళ్లకు చదువు మీద ఆసక్తి లేదన్నది అమెరికా చెప్పుకున్న పెద్ద అబద్ధాల్లో ఒకటి. ఆసక్తి లేనివాళ్లను ఆపడానికి చట్టాలెందుకు? దక్షిణ కెరొలైనాలో 1740లోనే బానిసలకు రాయడం నేర్పడాన్ని నేరం చేశారు. ఉత్తర కెరొలైనా 1830లో చేసిన చట్టం ప్రకారం బానిసకు చదవడం గానీ రాయడం గానీ నేర్పిన తెల్లవాడికి 100 నుంచి 200 డాలర్ల జరిమానా, లేదంటే జైలు. అదే పని ఇంకో బానిస చేస్తే వీపు మీద 39 కొరడా దెబ్బలు. ఫ్రెడరిక్ డగ్లస్ చిన్నతనంలో బాల్టిమోర్‌లో ఉండగా యజమాని భార్య అతనికి అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. భర్త అడ్డుపడ్డాడు. చదువు వచ్చిన బానిస బానిసగా పనికిరాడని అతని భయం. ఆ భయం చూశాకే చదువులో ఏముందో తనకు తెలిసిందని డగ్లస్ 1845లో అచ్చయిన తన ఆత్మకథలో రాసుకున్నాడు.

1865లో అంతర్యుద్ధం ముగిసింది. విడుదలైన నల్లవాళ్లు కోరుకున్న మొదటి వాటిలో భూమి ఒకటి, బడి ఒకటి. భూమి దక్కలేదు. బడిని వాళ్లే కట్టుకున్నారు. చర్చిల్లో, పాత గోదాముల్లో, చెట్ల కింద తాతలూ మనవలూ ఒకే పుస్తకం ముందు కూచున్నారు. ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అనే ప్రభుత్వ సంస్థా, ఉత్తరాది క్రైస్తవ సంఘాలూ సాయం చేసిన మాట నిజమే. కానీ వాళ్లు వచ్చేసరికే చాలాచోట్ల బడులు నడుస్తున్నాయి. 1868 ప్రాంతంలో దక్షిణాది రాష్ట్రాలు కొత్త రాజ్యాంగాలు రాసుకున్నప్పుడు ఆ సభల్లో నల్ల ప్రతినిధులు కూచున్నారు. ప్రభుత్వ ఖర్చుతో అందరికీ చదువు అన్న నియమం ఆ రాజ్యాంగాల్లోకి వచ్చింది. దక్షిణాదిలో ప్రభుత్వ బడి అన్న ఆలోచనే నల్లవాళ్లదని డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ 1935లో వాదించాడు. పేద తెల్ల పిల్లలు కూడా ఆ బడుల్లోనే అక్షరాలు దిద్దుకున్నారు. ఈ సంగతి ఎంతమంది తెల్లవాళ్లకు గుర్తుంది?

1877లో ఉత్తరాది సైన్యం వెనక్కి పోయింది. పాత దొరలు మళ్లీ గద్దెనెక్కారు. 1896లో ప్లెసీ కేసులో సుప్రీంకోర్టు 'వేరు, కానీ సమానం' అన్న సూత్రానికి ముద్ర వేసింది. వేరు చేయడం వెంటనే జరిగింది. సమానం ఎన్నడూ జరగలేదు. నల్ల పిల్లల బడికి సర్కారు విదిలించేది చిల్లర. మిగతాది వాళ్లే చూసుకోవాలి. 1912లో బుకర్ టి. వాషింగ్టన్, సియర్స్ కంపెనీ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్ కలిసి పల్లెల్లో నల్ల పిల్లలకు బడులు కట్టించే పని మొదలుపెట్టారు. 1932 నాటికి 15 రాష్ట్రాల్లో దాదాపు 5,000 బడులు లేచాయి. వీటిని ఇప్పటికీ రోజెన్‌వాల్డ్ బడులనే అంటారు. ఆయన నిధి ఇచ్చింది సుమారు 43 లక్షల డాలర్లు. పత్తి ఏరుకుని, కోళ్లు అమ్ముకుని, కలప మోసి నల్ల పల్లెలు పోగుచేసింది సుమారు 47 లక్షల డాలర్లు. పన్నులు వాళ్లు అప్పటికే కడుతున్నారు. అంటే ఒకే చదువుకు రెండుసార్లు చెల్లించారు. పేరు మాత్రం దాతది.

ఆ వేరు బడుల్లో బీదతనం ఉంది. చిరిగిన పుస్తకాలున్నాయి. కానీ ఆ బడులు వాళ్ళవి. వాషింగ్టన్ నగరంలో 1870లో మొదలై తర్వాత డన్‌బార్ పేరు పెట్టుకున్న హైస్కూలు సంగతి చూడండి. నల్ల పిల్లల కోసం పెట్టిన తొలి ప్రభుత్వ హైస్కూలు అది. డాక్టరేట్లున్న నల్లవాళ్లను తెల్ల విశ్వవిద్యాలయాలు రానిచ్చేవి కావు కాబట్టి వాళ్లు వచ్చి ఆ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. రక్తనిధుల పద్ధతిని తీర్చిదిద్దిన చార్లెస్ డ్రూ అక్కడ చదివినవాడే. అమెరికా మంత్రివర్గంలో మొదటి నల్ల మంత్రి రాబర్ట్ వీవర్ అక్కడివాడే. నల్ల పిల్లవాడు చదవగలడా అన్న ప్రశ్నకు అప్పుడే జవాబు వచ్చింది. ఆ జవాబు అమెరికా వినిపించుకోలేదు.

1954 మే 17న బ్రౌన్ కేసు తీర్పు వచ్చింది. వేరు బడి రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. గొప్ప తీర్పు. కానీ దాన్ని అమలు చేసిన చేతులు పాత చేతులే. 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్ల పిల్లలు బడిలో అడుగు పెట్టడానికి సైన్యం రావాల్సి వచ్చింది. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ పాలకులు నల్ల పిల్లల పక్కన తెల్ల పిల్లల్ని కూచోబెట్టడం ఇష్టం లేక 1959లో ప్రభుత్వ బడులన్నీ మూసేశారు. 1964 దాకా తెరవలేదు. తెల్ల పిల్లలకు ప్రైవేటు బడి దొరికింది. నల్ల పిల్లలకు ఐదేళ్లు పోయాయి.

బడులు కలిపినచోట మూతపడ్డది నల్ల బడే. ఉద్యోగం పోయింది నల్ల పంతులికే. 1954కీ 1965కీ మధ్య 17 దక్షిణాది, సరిహద్దు రాష్ట్రాల్లో సుమారు 38,000 మంది నల్ల టీచర్లు, హెడ్మాస్టర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారని లెక్క. తెల్ల పిల్లలకు నల్ల పంతులు పాఠం చెప్పడాన్ని ఆ సమాజం ఊహించుకోలేకపోయింది. నల్ల పిల్లలు కొత్త భవనంలోకి వెళ్లారు. వాళ్లను తన పిల్లలుగా చూసిన టీచరు వాళ్లతో రాలేదు. ఈ నష్టాన్ని ఏ పరీక్షా కొలవలేదు. మేము దీన్ని గుర్తుపెట్టుకోమంటున్నాం. ఎందుకంటే యాభై ఏళ్ల తర్వాత ఇదే కథ ఇంకో పేరుతో జరిగింది.

ఉత్తరాది నగరాల్లో వేరు చేయడానికి చట్టం అక్కర్లేకపోయింది. ఇళ్లు చాలు. 1930లలో ప్రభుత్వ గృహరుణాల సంస్థలు నగరాల పటాలు గీసి, నల్లవాళ్లున్న పేటలకు ఎర్ర రంగు పూశాయి. అక్కడ ఇల్లు కొనడానికి అప్పు పుట్టదు. తెల్లవాళ్లు శివార్లకు వెళ్లిపోయారు. బడికి డబ్బు చాలావరకు ఆ ప్రాంతపు ఇంటి పన్ను నుంచి వస్తుంది. ఇంటి విలువ తగ్గితే బడి నిధీ తగ్గుతుంది. ఇది తప్పేమీ కాదని 1973లో రోడ్రిగెజ్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో అన్నది. మరుసటి ఏడాది మిల్లికెన్ కేసు. డెట్రాయిట్ నగరం నల్ల పిల్లలతో నిండిపోయింది, శివార్ల తెల్ల బడులను కూడా కలపకుండా సమానత్వం ఎలా వస్తుందన్నది ప్రశ్న. శివార్లను ముట్టుకోవద్దని కోర్టు మళ్లీ 5-4తోనే చెప్పింది. బ్రౌన్ కేసు వాదించిన వకీలు థర్‌గుడ్ మార్షల్ అప్పటికి అదే కోర్టులో న్యాయమూర్తి. ఆయన గట్టిగా అసమ్మతి రాశాడు. అసమ్మతితో బడి బస్సు కదలదు కదా.

కలపడం కుదరదని తేలాక నల్లవాళ్లు ఇంకో మాట అడిగారు. సరే, మా బడి మా చేతికివ్వండి. న్యూయార్క్‌లో ఓషన్ హిల్-బ్రౌన్స్‌విల్ పేటలో 1967లో ప్రయోగంగా స్థానిక బోర్డుకు కొన్ని బడులు అప్పగించారు. 1968లో ఆ బోర్డు తమకు వద్దనుకున్న కొందరు టీచర్లను బదిలీ చేసింది. టీచర్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. వాళ్ల సంఘం నగరమంతా సమ్మెకు దిగింది. 36 పనిదినాలు బడులు నిలిచిపోయాయి. ఒక పక్క ఉద్యోగ భద్రత, ఒక పక్క తమ పిల్లల చదువు మీద తమ హక్కు. రెండూ న్యాయమైన కోరికలే. రెండింటికీ మధ్య గోడ కట్టింది నగర పాలకులు. 1969లో చట్టం మార్చి ప్రయోగాన్ని ముగించారు. ఆ సంఘం నాయకుడి పేరు ఆల్బర్ట్ షాంకర్. ఈ పేరు మళ్లీ వస్తుంది.

సర్కారు బడి కోసం చూడకుండా సొంత బడి పెట్టుకున్న నల్లవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ముస్లింలున్నారని మా పాఠకుల్లో అందరికీ తెలియకపోవచ్చు. డెట్రాయిట్‌లో నేషన్ ఆఫ్ ఇస్లామ్ వాళ్లు 1930ల మొదట్లోనే తమ పిల్లలకు వేరే బడి మొదలుపెట్టారు. క్లారా ముహమ్మద్ అందులో ముందు నిలిచింది. పిల్లల్ని సర్కారు బడికి పంపడం లేదని 1934లో అధికారులు ఆ బడి టీచర్లను అరెస్టు చేశారు. అయినా బడి ఆగలేదు. 1975 తర్వాత ఆమె కొడుకు వారిస్ దీన్ ముహమ్మద్ ఆ బడులకు తల్లి పేరు పెట్టాడు. పేట వాళ్లే తమ పిల్లల కోసం నడుపుకునే చిన్న బడి అన్నది చార్టర్ చట్టాలకు అరవై ఏళ్ల ముందే నల్ల పేటల్లో ఉందని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాం.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తేడా తగ్గనే తగ్గదనీ, ఏం చేసినా లాభం లేదనీ అనేవాళ్లకు ఆ దేశపు సొంత లెక్కే జవాబు. అమెరికా ప్రభుత్వం ఏళ్ల తరబడి పెడుతూ వచ్చిన జాతీయ పరీక్షల్లో 17 ఏళ్ల పిల్లల చదవడంలో తెల్ల, నల్ల తేడా 1971లో 53 పాయింట్లు. 1988లో 20. పదిహేడేళ్లలో సగం కంటే ఎక్కువ పడిపోయింది. ఆ ఏళ్లలోనే దక్షిణాది బడులు కలిశాయి, పేదరికం మీద ప్రభుత్వం ఖర్చు పెట్టింది, పసిపిల్లల కేంద్రాలు వచ్చాయి. 1990లలో తేడా మళ్లీ పెరిగింది. అంటే ఆ తేడా రక్తంలో లేదు, సంస్కృతిలో లేదు. ప్రభుత్వం చెయ్యి వేస్తే తగ్గింది, తీసేస్తే పెరిగింది.

చార్టర్ స్కూలు ఈ సమయంలోనే వచ్చింది. ఆలోచన ఎవరు ముందుకు తెచ్చారో చూడండి. 1988లో అదే ఆల్బర్ట్ షాంకర్, ఇప్పుడు జాతీయ స్థాయి ఉపాధ్యాయ సంఘ నాయకుడు. టీచర్లు కొందరు కలిసి, చదువు రాని పిల్లల కోసం కొత్త పద్ధతులు ప్రయత్నించుకునేలా చిన్న బడులకు ఒప్పందపత్రం ఇవ్వాలన్నాడు. 1991లో మినసోటా మొదటి చట్టం చేసింది. 1992లో సెయింట్ పాల్ నగరంలో మొదటి చార్టర్ స్కూలు తెరిచారు. చట్టాలు రాష్ట్రాలు దాటేసరికి టీచర్ల ప్రయోగశాల పక్కకు పోయి, సర్కారు బడితో పోటీ అన్న మాట ముందుకొచ్చింది. షాంకర్ తానే దాన్ని విమర్శించడం మొదలుపెట్టాడు.

చార్టర్ స్కూలంటే ఏమిటో విడమర్చి చెప్పాలి. డబ్బు ప్రభుత్వానిది. ఫీజు ఉండదు. నడిపేది మాత్రం విద్యాశాఖ కాదు, ఒక ప్రైవేటు బోర్డు. టీచర్ల నియామకం, పని గంటలు, పాఠ్యక్రమం చాలావరకు బోర్డు ఇష్టం. కొన్నేళ్లకు ఫలితం చూపించాలి, చూపించకపోతే ఒప్పందం రద్దు. సీట్లకు మించి దరఖాస్తులు వస్తే లాటరీ తీయాలి. 2021 నాటికి ఇలాంటి బడుల్లో సుమారు 37 లక్షల మంది పిల్లలున్నారు.

1994లో హ్యూస్టన్‌లో మైక్ ఫైన్‌బర్గ్, డేవిడ్ లెవిన్ అనే ఇద్దరు తెల్ల కుర్రవాళ్లు 'కిప్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. 1995లో లెవిన్ న్యూయార్క్ బ్రాంక్స్‌కు వెళ్లి అక్కడా తెరిచాడు. ఉదయం ఏడున్నర నుంచి సాయంత్రం ఐదు దాకా బడి. శనివారం బడి. వేసవిలో బడి. ఇంటి దగ్గర లెక్క రాకపోతే రాత్రి టీచరుకు ఫోన్ చేయొచ్చు. ఐదో తరగతి పిల్లవాడితో మొదటి రోజే నువ్వు కాలేజీకి పోతున్నావని చెప్పడం. ఈ పద్ధతి దేశమంతా పేరు తెచ్చుకుంది. నూవర్క్, న్యూహేవెన్, బోస్టన్ నగరాల్లో అలాంటివే లేచాయి. వీటికి 'సాకులు చెల్లవు' బడులని పేరు పడింది. ఈ ఇద్దరు కుర్రవాళ్లకు పాఠం చెప్పడం నేర్పింది హ్యూస్టన్‌లోని హారియెట్ బాల్ అనే నల్ల టీచరమ్మ. ఎక్కాలను పాటలుగా కట్టి, చప్పట్లతో, అడుగులతో పిల్లలచేత పాడించేది. 'కిప్' అన్న పేరు కూడా ఆమె కట్టిన పాట నుంచి వచ్చిందే. వాళ్లు ఆ సంగతి దాచలేదు, చెప్పారు. అయినా లోకానికి తెలిసింది ఆ ఇద్దరి పేర్లే.

ఫలితం సంగతి. ఇందులో మేము మొహమాటపడం, దాచం. 2004లో హార్లెంలో జెఫ్రీ కెనడా తన హార్లెం చిల్డ్రన్స్ జోన్ కింద ప్రామిస్ అకాడమీ తెరిచాడు. బ్రాంక్స్‌లో పేదరికంలో పెరిగిన నల్లవాడు ఆయన. బడితో పాటు పసిపిల్లల తల్లులకు శిక్షణ, వైద్యం, కాలేజీ దాకా తోడు అన్నీ ఒకే పేటలో పెట్టాడు. లాటరీలో సీటు వచ్చిన పిల్లల్నీ రాని పిల్లల్నీ పోల్చి 2011లో హార్వర్డ్ పరిశోధకులు తేల్చింది ఏమంటే, ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా చదివిన పిల్లలకు వచ్చిన లాభం గణితంలో నల్ల, తెల్ల తేడాను పూడ్చడానికి సరిపోతుందని. బోస్టన్‌లోనూ లాటరీ పద్ధతిలో చేసిన అధ్యయనాలు పెద్ద లాభమే చూపించాయి. స్టాన్‌ఫర్డ్‌లోని క్రెడో కేంద్రం 2015లో 41 నగర ప్రాంతాలు పరిశీలించి, చార్టర్ పిల్లలు ఏడాదికి గణితంలో 40 రోజులు, చదవడంలో 28 రోజులు ఎక్కువ నేర్చుకున్నంత ముందున్నారని లెక్క చెప్పింది. పేద నల్ల పిల్లలకే ఎక్కువ మేలు కనిపించింది.

ఇదే కేంద్రం 2009లో 15 రాష్ట్రాలూ రాజధానీ చూసి చెప్పింది కూడా వినాలి. గణితంలో 17 శాతం చార్టర్ బడులు సర్కారు బడులకంటే మెరుగు. 37 శాతం అధ్వానం. మిగతావి అటూ ఇటూ. అంటే చార్టర్ అన్న కాగితం ముక్కలో మహిమేమీ లేదు. ఎక్కువ గంటలు, ఒంటరిగా కూచోబెట్టి చెప్పే పాఠాలు, టీచరు మీద నమ్మకం, పిల్లవాడి మీద నమ్మకం. ఇవి ఉన్నచోట పిల్లలు చదివారు. ఇవి ఏ బడిలో పెట్టినా చదువుతారు. మరి అన్ని సర్కారు బడుల్లో ఎందుకు పెట్టలేదు? లాటరీ డబ్బాలో చెయ్యి పెట్టి కొందరు పిల్లలకే ఎందుకు తీసిచ్చారు? లాటరీలో పేరు రాని పిల్లవాడి తల్లికి ఈ దేశం ఏం చెబుతుంది?

ఇక పుచ్చుకున్నదాని లెక్క. చాలా 'సాకులు చెల్లవు' బడుల్లో పిల్లలు వరండాలో గీత మీద మాట్లాడకుండా నడవాలి. నిటారుగా కూచోవాలి. కళ్లు టీచరు మీదే ఉండాలి. చొక్కా బయటికొస్తే తప్పు. చిన్న తప్పుకు ఇంటికి పంపేయడం. శివారు తెల్ల పిల్లవాడు బడిలో వాదించడం నేర్చుకుంటుంటే, నగరం నల్ల పిల్లవాడు నోరు మూసుకోవడం నేర్చుకున్నాడు. క్రమశిక్షణ మాకూ కావాలి. అమ్మానాన్నలు ఇష్టపడే చేర్పించారు కూడా. కానీ క్రమశిక్షణ వేరు, లొంగుబాటు వేరు. 2015లో న్యూయార్క్‌లో ఒక పేరున్న చార్టర్ సంస్థ బడిలో వదిలించుకోవాల్సిన పిల్లల పేర్లతో జాబితా తయారైందని పత్రికల్లో వచ్చింది. చదువు రాని పిల్లల కోసం పుట్టిన ఆలోచన ఎక్కడికి చేరిందో చూడండి.

పరీక్ష మార్కు ఒక్కటే చాలదని కిప్ వాళ్లే 2011లో ఒప్పుకున్నారు. తమ తొలి మిడిల్ స్కూలు పిల్లల్లో నాలుగేళ్ల కాలేజీ పూర్తి చేసింది 33 శాతమని ప్రకటించారు. పేద కుటుంబాల పిల్లల్లో అప్పటి సగటు 8 శాతమే, కాబట్టి 33 చిన్న అంకె కాదు. అయితే అందరినీ కాలేజీకి అన్న మాటకు అది చాలా దూరం. కాలేజీలో ఫీజు అప్పు, ఇంటి దగ్గర అద్దె, చుట్టూ తనలాంటివాళ్లు లేని ఒంటరితనం. వీటికి ఎనిమిదో తరగతి గణితం మార్కు మందు కాదు. సాకులు చెల్లవన్నవాళ్లు సాకుకీ కారణానికీ తేడా ఉందని ఆలస్యంగా నేర్చుకున్నారు. 2020లో ఆ సంస్థ 'కష్టపడి పని చెయ్యి, మంచిగా ఉండు' అన్న తన పాత నినాదాన్ని మానుకుంది. కష్టపడితే చాలు అన్నమాట జాతివివక్షను దాచిపెడుతుందని వాళ్లే అన్నారు.

అన్నింటికంటే పెద్ద లెక్క న్యూఆర్లీన్స్‌ది. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చింది. నగరం మునిగింది. జనం చెల్లాచెదురయ్యారు. కొద్ది నెలల్లోనే రాష్ట్రం నగరంలోని నూటికి పైగా బడులను తన చేతిలోకి తీసుకుంది. 7,000 మందికి పైగా బడి ఉద్యోగుల్ని తొలగించారు. టీచర్లలో 71 శాతం నల్లవాళ్లు. ఆ నగరంలో నల్ల మధ్యతరగతి అంటే చాలావరకు ఆ టీచరమ్మలే. వాళ్లు కోర్టుకెళ్లారు. 2012లో కింది కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. 2014లో లూసియానా సుప్రీంకోర్టు కొట్టేసింది. 2015లో అమెరికా సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించింది. వాళ్ల స్థానంలో బయటి రాష్ట్రాల నుంచి కాలేజీ దాటిన కుర్రకారు వచ్చారు, ఎక్కువమంది తెల్లవాళ్లు. 2014 నాటికి టీచర్లలో నల్లవాళ్లు సగం కంటే తక్కువయ్యారు. చివరికి దాదాపు నగరం మొత్తం చార్టర్ బడులే అయ్యాయి.

మార్కులు పెరిగాయా అంటే పెరిగాయి. హైస్కూలు పూర్తి చేసినవాళ్లూ కాలేజీకి వెళ్లినవాళ్లూ పెరిగారని టులేన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. ఒక్కో పిల్లవాడి మీద ఖర్చు కూడా పెరిగిందని వాళ్లే చెప్పారు. ఈ లాభాన్ని మేము చిన్నది చేయం. ఆ పిల్లలు నిజమైన పిల్లలు, ఆ చదువు నిజమైన చదువు. కానీ 1954 తర్వాత జరిగింది గుర్తు చేసుకోండి. అప్పుడూ పిల్లలకు మంచి జరగాలంటే నల్ల పంతులు ఇంటికి పోవాల్సిందేనన్నారు. ఇప్పుడూ అదే అన్నారు. ఈ రెండింటికీ ముడి ఎందుకు? ఉత్తర కెరొలైనా పిల్లల మీద చేసి 2017లో ప్రకటించిన ఒక అధ్యయనం ఏమంటుందో వినండి. మూడు నుంచి ఐదు తరగతుల మధ్య ఒక్క నల్ల టీచరు దొరికినా కటిక పేద నల్ల మగపిల్లలు తర్వాత బడి మానేసే ప్రమాదం 39 శాతం తగ్గింది. అంటే తేడాను పూడ్చే పేరుతో, తేడాను పూడ్చగల మనుషుల్నే వెళ్లగొట్టారు.

2016 అక్టోబరులో నల్లవాళ్ల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ కొత్త చార్టర్ బడులకు విరామం ప్రకటించమంది. బ్రౌన్ కేసు గెలిచిన వకీళ్లను నిలబెట్టింది ఈ సంస్థే. జవాబుదారీతనం కావాలని, సర్కారు బడుల డబ్బు తరలిపోకూడదని, పిల్లల్ని గెంటేయకూడదని అడిగింది. ఆ సంస్థ మీద కోపగించుకున్న నల్ల తల్లులూ ఉన్నారు. మా పిల్లవాడికి ఈ బడి ఒక్కటే ఉంది, దాన్నీ మూస్తారా అన్నారు. అదే ఏడాది నవంబరులో, మంచి ఫలితాలున్న మసాచుసెట్స్‌లోనే, చార్టర్ బడులు పెంచాలా అని ఓటు పెడితే 62 శాతం వద్దన్నారు. సంస్థ మాటలోనూ నిజముంది, తల్లి మాటలోనూ నిజముంది. బయటినుంచి చూసే మేము వాళ్లలో ఒకరిని ఓడించి ఇంకొకర్ని గెలిపించలేం. ఈ ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టిన ఏర్పాటునే తప్పుపడతాం. 1968లో టీచర్లకూ పేటకూ మధ్య పెట్టిన పంచాయితీ ఇదే.

గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ అనే నల్ల విద్యావేత్త 2006లో ఒక మాట చెప్పింది. దీన్ని గ్యాప్ అనకండి, చదువు బాకీ అనండి అంది. ఏ ఏడాదికా ఏడాది మార్కుల తేడా లోటు లాంటిది. లోటు ఏళ్ల తరబడి పేరుకుంటే బాకీ అవుతుంది. కొరడా దెబ్బల చట్టాలు, రెండుసార్లు కట్టిన పన్నులు, మూసిన ఐదేళ్లు, ఎర్ర రంగు పేటలు, ఇంటికి పంపిన 38,000 మంది టీచర్లు. అన్నీ ఆ ఖాతాలోవే. ఈ ఒక్క మాట మార్పుతో ప్రశ్న తిరగబడుతుంది. గ్యాప్ అంటే పిల్లవాడు జవాబు చెప్పాలి. బాకీ అంటే తీసుకున్నవాడు జవాబు చెప్పాలి.

బాకీ తీర్చేవాడు దాత కాడు. ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. వాల్టన్ కుటుంబ ఫౌండేషన్ లాంటి పెద్ద నిధులు చార్టర్ బడులకు కోట్ల డాలర్లు ఇచ్చాయి. రోజెన్‌వాల్డ్ నాటి నుంచి దాతలు వస్తూనే ఉన్నారు. వద్దని మేమనం. కానీ దాత వచ్చినప్పుడల్లా బడి ఎలా నడవాలో, ఎవరు చెప్పాలో దాతే నిర్ణయిస్తే, తీసుకునేవాడు ఎప్పటికీ తీసుకునేవాడిగానే మిగులుతాడు. న్యూఆర్లీన్స్‌లో 2018లో బడుల మీద అధికారం తిరిగి ఎన్నికైన స్థానిక బోర్డుకు వచ్చింది. 2024లో ఆ బోర్డు చాలా ఏళ్ల తర్వాత సొంతంగా ఒక బడి తెరిచింది. దానికి లీయా చేజ్ పేరు పెట్టారు. పౌరహక్కుల ఉద్యమకారులకు తన హోటల్లో అన్నం పెట్టిన ఆ నగరపు నల్ల వంటమనిషి ఆమె. ఒక్క బడే. అయినా పంతొమ్మిదేళ్ల తర్వాత ఆ పేట మళ్లీ అడిగింది, దక్కించుకుంది.

ఈ చరిత్ర నుంచి మేము తెచ్చుకున్నది రెండు ప్రశ్నలు. ఏ సర్కారు, ఏ దాత, ఏ సంస్థ మైనారిటీల పేట చివర బడి తెరిచినా వాటిని కలిపే అడగాలి. మా పిల్లలకు చదువు వస్తుందా? ఆ బడిలో మా మాట చెల్లుతుందా? మొదటిది మాత్రమే అడిగితే మార్కులొస్తాయి, పిల్లలు మనవాళ్లు కాకుండా పోతారు. రెండోది మాత్రమే అడిగితే బడి మనదే ఉంటుంది, పిల్లవాడికి ఎక్కం రాదు. నల్ల తల్లులు నూటయాభై ఏళ్లుగా రెండూ అడుగుతున్నారు. వాళ్లకు ఎప్పుడూ ఏదో ఒకటే ఇచ్చారు. మమ్మల్ని 'వెనుకబడినవాళ్లు' అని రాసే వాళ్లకు కూడా మేము చెప్పేది ఇదే. వెనుకబాటు కొలిచే బద్దతోపాటు బాకీల ఖాతా కూడా తెరవండి. అప్పుడు కూచుని మాట్లాడుకుందాం.